నెల జీతంలో సగం, మౌంటెన్ బైక్

ప్రశ్న: నా వయసు 31. ప్రైవేటు ఉద్యోగం. సెలవు రోజుల్లో మట్టిదారుల్లో, గుట్టల మీద తొక్కడానికి మౌంటెన్ బైక్ కొనాలనుకుంటున్నాను. ఇప్పటిదాకా మామూలు సైకిలే తప్ప గేర్ల బండి తొక్కింది లేదు. ఇందుకోసం నెల జీతంలో సగం దాచాను. షాపులో ముందూ వెనకా సస్పెన్షన్ ఉన్న బండి చూపించి, దాచినంతా ఇప్పుడు ఇచ్చేసి మిగతాది 12 నెలల వాయిదాల్లో కట్టమంటున్నారు. వడ్డీ 12 శాతమేనట. క్రెడిట్ కార్డు మీద కొంచెం బాకీ ఉంది, నెలనెలా కనీస మొత్తం కడుతున్నాను. ఎలాంటి బండి కొనమంటారు? చక్రాలు 27.5 అంగుళాలవి మంచివా, 29 అంగుళాలవా?

జవాబు: బండి గురించి అన్ని వివరాలు రాసి, కార్డు బాకీని మాత్రం ఒక్క వాక్యంలో దాటించేశారు. నేను అక్కణ్నుంచే మొదలుపెడతాను. మీ కార్డు నెలకు 3 శాతం వేస్తుంటే, చక్రవడ్డీతో కలిపి అది ఏడాదికి 42.6 శాతం దాకా అవుతుంది. కనీస మొత్తం కట్టుకుంటూ పోతే ఆ డబ్బులో ఎక్కువ భాగం వడ్డీకే పోతుంది, అసలు కదలదు. కాబట్టి దాచినదాంట్లోంచి ముందు ఆ బాకీ మొత్తం తీర్చేయండి. సైకిలు రెండు మూడు నెలలు ఆగుతుంది. ఈలోగా తెలిసినవాళ్ల బండి అడిగో, అద్దెకు తీసుకునో నాలుగైదు సార్లు మట్టిదారిలో తొక్కి చూడండి. మొదటిసారి సరదాగానే ఉంటుంది. నాలుగోసారి కూడా అలారం మోగకముందే మెలకువ వస్తే, అప్పుడు కొనండి.

ఇక ఆ ‘12 శాతమే’ సంగతి. అది ఫ్లాట్ వడ్డీనా, తగ్గుతున్న బాకీ మీద వడ్డీనా అని అడగండి. ఫ్లాట్ అయితే 100 అప్పుకు 12 నెలల్లో 112 కడతారు. కానీ ఆ 100 ఏడాది పొడుగునా మీ దగ్గర ఉండదు. ఆరో వాయిదా కట్టేసరికి అసలులో దాదాపు సగం తిరిగి ఇచ్చేసి ఉంటారు, వడ్డీ మాత్రం చివరిదాకా మొత్తం 100 మీదే పడుతుంది. సరిగ్గా లెక్క కడితే ఆ రేటు ఏడాదికి 21 శాతం దాటుతుంది. ‘అసలు వడ్డీయే లేదు’ అన్నా ఇంకో ప్రశ్న వేయండి: మొత్తం ఇప్పుడే కట్టేస్తే ఎంతకిస్తారు? ధర తగ్గిస్తే, ఆ తగ్గిందే వడ్డీ. అయినా సెలవు రోజు సరదాకు వాయిదాలు పెట్టుకోవడం నాకు నచ్చదు. మూడో నెలలో మోకాలు నొప్పి పుట్టి బండి మూల పడినా వాయిదా మూల పడదు.

ఇప్పుడు బండి. మీరు చూసిన ఫుల్ సస్పెన్షన్ వద్దు. ఒకే ధరలో రెండు బండ్లు ఉన్నాయనుకోండి. ఒకదానికి ముందు ఫోర్కులో, అంటే ముందు చక్రాన్ని పట్టుకునే జంట గొట్టాల్లో మాత్రమే సస్పెన్షన్, దాన్నే హార్డ్‌టెయిల్ అంటారు. రెండోదానికి వెనక కూడా షాక్ అబ్జార్బర్, అది కదలడానికి కీళ్లు, వాటిలో బేరింగులు. ధర ఒకటే అయినప్పుడు ఆ వెనక సరంజామా డబ్బు ఎక్కణ్నుంచో రావాలి కదా? బ్రేకుల్లోంచి, గేర్లలోంచి, ముందు ఫోర్కులోంచే వస్తుంది. పైగా బండి బరువెక్కుతుంది, ఎత్తు ఎక్కేటప్పుడు మీ కాలి బలంలో కొంత ఊగిసలాటకే పోతుంది. ఆ కీళ్లు వదులైన రోజు రిపేరు ఖర్చు తడిసి మోపెడవుతుంది. మంచి ఫుల్ సస్పెన్షన్ బండ్లు లేకపోలేదు, కానీ అవి ఈ బడ్జెట్‌లో రావు. అన్నట్టు, కొన్ని చౌక బండ్ల ఫ్రేమ్ మీద చిన్న అక్షరాలతో ఒక స్టిక్కరు ఉంటుంది: కొండదారుల్లో వాడకానికి కాదు అని. ఎంత లావు టైర్లున్నా అది రోడ్డు సైకిలే. కొనేముందు ఫ్రేమ్ అంతా ఒకసారి చదవండి.

చేతిలో ఉన్నది 100 పాళ్లు అనుకుంటే బండికి 75 దాటనివ్వకండి. ఓ 15 పాళ్లు హెల్మెట్, గ్లవ్స్, చిన్న పంపు, స్పేర్ ట్యూబు, టైరు ఊడదీసే లీవర్లు, తాళం వీటికి. మిగిలిన 10 మొదటి ఏడాది సర్వీసింగుకు. ఇది నా సొంత కొలత, అటూ ఇటూ జరపొచ్చు. హెల్మెట్ వాటా మాత్రం తగ్గించకండి.

ఆ 75లో డబ్బు మొదట బ్రేకులకు వెళ్లాలి. 1970ల్లో కాలిఫోర్నియాలోని మారిన్ కౌంటీలో కొందరు కుర్రాళ్లు పాత లావు టైర్ల సైకిళ్లతో కొండ దిగే పందేలు పెట్టుకునేవారు. కిందికి వచ్చేసరికి వెనక చక్రం మధ్యభాగంలో (హబ్‌లో) ఉండే బ్రేకు వేడెక్కి అందులోని గ్రీజు మాడిపోయేది, ప్రతిసారీ కొత్త గ్రీజు కూరాల్సి వచ్చేది. అందుకే ఆ దారికి ‘రీప్యాక్’ అని పేరు పడింది. వాళ్ల సరదా అలా గడిచింది గానీ, మీరు డిస్క్ బ్రేకులున్న బండే చూడండి. అందులోనూ ఆయిల్‌తో పనిచేసే హైడ్రాలిక్ దొరికితే సంతోషం. రెండు వేళ్లతో ఆగుతుంది, ప్యాడ్లు అరిగినకొద్దీ తనే సర్దుకుంటుంది. కేబుల్‌వి కూడా పనికొస్తాయి, కాకపోతే అప్పుడప్పుడూ బిగించుకోవాలి.

బ్రేకుల దగ్గర నేను చేసిన తెలివితక్కువ పని చెప్తాను. కొత్తలో చైనుకు ఆయిల్ స్ప్రే కొడుతుంటే నాలుగు చుక్కలు వెనక డిస్కు మీద పడ్డాయి. పాత గుడ్డతో తుడిచి, మరుసటి రోజు తీసుకెళ్లాను. దిగుడులో బ్రేకు నొక్కితే కీచుమని అరుపు తప్ప బండి ఆగదే! పక్కనున్న పొదలోకి తిప్పి ఆపాను. ప్యాడ్లు ఆయిల్ పీల్చుకున్నాయని తేలింది, కొత్తవి వేయించాల్సి వచ్చింది. అక్షరాలా చేతి చమురు వదిలింది. ఆ ఖర్చు నా 10 పాళ్లలోంచే పోయింది. చైనుకు స్ప్రే వాడకండి, చుక్కలుగా వేసే సీసా కొనుక్కోండి.

తర్వాత చూడాల్సింది వెనక చక్రం. షాపులో ‘ఇది ఫ్రీవీలా, క్యాసెట్టా?’ అని అడగండి. రెండూ వెనక చక్రానికి ఉండే గేర్ల పళ్లచక్రాల గుత్తులే, బిగించే తీరు వేరు. చౌక 7 గేర్ల బండ్లలో ఎక్కువగా మర తిప్పినట్టు హబ్‌కు బిగించే ఫ్రీవీల్ ఉంటుంది. అందులో కుడివైపు బేరింగు బాగా లోపలికి ఉండిపోతుంది కాబట్టి ఇరుసు చివర ఆసరా లేకుండా ఉంటుంది. గుంతల్లో పడీ పడీ ఆ ఇరుసు వంగుతుంది. క్యాసెట్ ఉన్న హబ్‌లో బేరింగు అంచుదాకా వస్తుంది. పైగా తర్వాత గేర్లు మార్చుకోవాలన్నా దానికే వీలెక్కువ. గేర్ల సంఖ్య చూసి మురిసిపోకండి. ముందు 3, వెనక 7 కలిపి 21 గేర్లనే ఫ్రీవీల్ బండి కన్నా, ముందు ఒక్క పళ్లచక్రం, వెనక 9 గేర్ల క్యాసెట్ ఉన్న బండి మీలాంటి కొత్తవారికి సుఖం.

ఫోర్కుకు 100 నుంచి 120 మిల్లీమీటర్ల ట్రావెల్, అంటే కుదుపుకు లోపలికి దిగే దూరం, చాలు. గాలితో పనిచేసేదైతే మీ బరువుకు తగ్గట్టు ప్రెషర్ పెట్టుకోవచ్చు, స్ప్రింగుదైతే ఆ వీలు తక్కువ.

‘ఇప్పుడు చౌకది కొని, తర్వాత ఒక్కో పార్టూ మార్చుకుంటాను’ అనే ఆలోచన ఉంటే మానుకోండి. విడిగా కొన్న పార్టులకు పెట్టే డబ్బుతో అవే బిగించి ఉన్న పై మోడల్ బండి వచ్చేస్తుంది. కావాలంటే ఇంకో రెండు నెలలు దాచి ఒక మెట్టు పైది కొనండి. లేదా సెకండ్‌హ్యాండ్ చూడండి. నా ఓటు దానికే, ఎందుకంటే కొత్త బండి చేతులు మారగానే జరిగే తరుగు అప్పటికే మొదటి యజమాని భరించి ఉంటాడు. సీరియల్ నంబరు, బిల్లు అడగండి. హ్యాండిల్ కింద, పెడళ్ల దగ్గర అతుకుల మీద వేలుపెట్టి పగుళ్లు వెతకండి. ఫోర్కు గొట్టాల మీద గీతలుంటే బేరమాడండి, లోతుగా ఉంటే వదిలేయండి.

చైను కొలవడానికి ఒక అంగుళాల స్కేలు జేబులో పెట్టుకెళ్లండి. ఒక పిన్ను మధ్యలో సున్నా పెట్టి 12 అంగుళాలు కొలిస్తే, కొత్త చైనులో సరిగ్గా 12 దగ్గర ఇంకో పిన్ను ఉంటుంది. అది అంగుళంలో పదహారో వంతు దాటిపోయి ఉంటే చైను మార్చే వేళయింది. ఎనిమిదో వంతు దాటితే క్యాసెట్ పళ్లు కూడా అరిగి ఉంటాయి, ధరలో ఆ రెండూ తగ్గించమనండి. కొన్న తర్వాత కూడా అడపాదడపా ఇలా కొలవండి. చైను చవక, క్యాసెట్ ఖరీదు.

ఫ్రేమ్ సైజు మాత్రం డబ్బుతో సరిదిద్దలేనిది. నేలమీద నిలబడి బండిని కాళ్ల మధ్య పెట్టుకుంటే పై గొట్టానికీ మీకూ మధ్య కనీసం రెండంగుళాల సందు ఉండాలి. ‘మీ సైజు స్టాకు లేదు, ఇది తీసుకోండి, డిస్కౌంట్ ఇస్తాం’ అంటే నవ్వి వచ్చేయండి.

ఇక 27.5, 29ల సంగతి. 29 రాళ్లూ వేర్లమీద తేలిగ్గా దొర్లుకుపోతుంది, 27.5 ఇరుకు మలుపుల్లో చురుగ్గా తిరుగుతుంది. చాలా కంపెనీలు చిన్న ఫ్రేములకు 27.5, పెద్దవాటికి 29 వేసి ఇస్తున్నాయి. మీ సైజు ఫ్రేముకు ఏది వస్తే అది తీసుకోండి. డబ్బుతో సంబంధం లేని ప్రశ్న కాబట్టి దీన్ని చివరికి ఉంచాను.