‘మీ ఇష్టం’ అనేవాళ్ళతోనే అసలు తంటా

ప్రశ్న: బాబాయ్ గారూ, మాది గాజువాక. శనివారం మా ఆయన బీ షిఫ్ట్ దిగి ఇంటికొచ్చేసరికి పదిన్నర దాటిపోతాది, అప్పుడు ఐదుగురం టీవీ ముందు కూర్చుని సినిమా వెతుకుతాం. అత్తయ్య గారికి పాతవి కావాలి, పెద్దోడికి ఫైట్లుండాలి, పాపకి బొమ్మల సినిమా, ఈయనేమో ‘మీ ఇష్టం’ అంటారు, తీరా పెట్టాక పెదవి విరుస్తారు. ట్రైలర్లు చూసీ చూసీ నిద్రొచ్చేస్తాది. మూడు యాప్‌లకి డబ్బులు కడుతున్నాం, ఏం లాభం?

జవాబు: తల్లీ, మీ ఇంట్లో సినిమాలకి కొరత లేదు, మాట పడ్డానికి రెడీగా ఉన్న మనిషే లేరు. ‘మీ ఇష్టం’ అంటే మర్యాద అనుకుంటున్నావేమో, సినిమా బాగోకపోతే నన్ననొద్దు అని మీ ఆయన ముందే చెప్పేస్తున్నాడు. అప్పట్లో జగదాంబకెళ్తే ఏది ఆడితే అదే చూసేవాళ్ళం, బాగోకపోతే డైరెక్టర్ని తిట్టుకుంటూ బస్సెక్కేవాళ్ళం గానీ టికెట్లు తెచ్చినోణ్ణి ఎవరూ ఏమీ అనేవారు కాదు (మా తోడల్లుణ్ణి తప్ప, ఆయన సంగతి వేరు).

అందుకని వారానికొకరి వంతు పెట్టుకోండి. వంతు ఎవరిదైతే వాళ్ళు శుక్రవారం లోపు పేరు చెప్పేయాలి, టీవీ ముందు కూర్చున్నాక వెతకడాల్లేవు. మిగతావాళ్ళు అరగంట నోరు మెదపకుండా చూడాలి, అప్పటికీ ఎక్కకపోతే కట్టేసి పడుకోండి, కానీ ఎంచినవాళ్ళని ఒక్క మాట అనకూడదు, ముఖ్యంగా మీ ఆయన. అత్తగారి వంతొస్తే మాయాబజార్ అంటారేమో, 1957 నాటి ఆ సినిమా మూడు గంటల పైనే ఉంటుంది, పదిన్నరకి మొదలెడితే ఒంటిగంటన్నర దాటేస్తుంది, దాన్ని ఆదివారం మధ్యాహ్నానికి జరుపు.

ఇంకోటి, మీరంతా ఒకే ప్రొఫైల్లో చూస్తున్నట్టున్నారు. పాప బొమ్మలూ పెద్దోడి ఫైట్లూ అన్నీ ఒకే మనిషి చూశాడనుకుని ఆ యాప్ కలగాపులగంగా చూపిస్తుంది. నెట్‌ఫ్లిక్స్‌లో అయితే ఒక అకౌంట్‌లో 5 ప్రొఫైళ్ళు పెట్టుకోవచ్చు, మీకు సరిగ్గా సరిపోతాయి. పైగా అందులో ఒకే సినిమాకి ఒక్కొక్కరికి ఒక్కో పోస్టర్ చూపిస్తారు, నీకు నచ్చిన నటుడుంటే ఆయన మొహమే ముందుకి రావచ్చు, అది చూసి ఆయనదే మెయిన్ రోల్ అనుకుని కూర్చున్నావో, అయిపోయావే. ఆగిన చోటల్లా ట్రైలర్ మోగే గోల కూడా సెట్టింగుల్లో ఆపేయొచ్చు. మూడు యాప్‌లూ ఒకేసారి ఎందుకమ్మా, నెల నెలా కట్టేవైతే ఈ నెల ఒకటి, వచ్చే నెల ఇంకోటి.

ప్రశ్న: పిల్లల్తో కూర్చుని చూడొచ్చో లేదో ముందే ఎలా తెలుస్తుందండీ? (మద్దిలపాలెం)

జవాబు: 2021 నుంచి ఓటీటీ వాళ్ళు యూ (అందరూ చూడొచ్చు), యూఏ 7+, 13+, 16+, ఏ (పెద్దవాళ్ళకే) అని వయసు గుర్తు వాళ్ళే వేసి చూపించాలి. థియేటర్ సినిమాల యూఏని కూడా సెన్సార్ వాళ్ళు 2024లో అలాగే మూడు ముక్కలు చేశారు. నా మటుకు నేను 13+ అని కనిపిస్తే పిల్లల్ని పిలవకముందే పది నిమిషాలు ఒక్కణ్ణే చూస్తాను.

ప్రశ్న: మన వైజాగ్ కనిపించే సినిమా, అరుపులూ కేకలూ లేనిది ఒకటి చెప్పండి బాబాయ్. (ఎంవీపీ కాలనీ)

జవాబు: కేరాఫ్ కంచరపాలెం, 2018లో వచ్చింది. చాలామంది నటులు ఆ చుట్టుపక్కలవాళ్ళే, అందుకే మాటలు మన వీధిలో విన్నట్టే ఉంటాయి. రెండున్నర గంటలు ఉంటుంది, తెల్లారి డ్యూటీ ఉంటే మాత్రం పెట్టుకోకు. ఏ యాప్‌లో ఉందని నన్నడక్కు, వాళ్ళు మారుస్తూనే ఉంటారు, టీవీలో మైక్ బటన్ నొక్కి పేరు చెప్పు.