పట్టిక పక్కన పెట్టు

చిరంజీవికి ఆశీస్సులు.

యుద్ధ సిద్ధాంతాలను పోలుస్తూ నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. ప్రాచీన చైనా సన్ జు, అర్థశాస్త్రం రాసిన కౌటిల్యుడు, నెపోలియన్ కాలపు సైనికాధికారులు జోమిని, క్లౌజెవిట్స్ - యుద్ధం గురించి రాసిన ఈ నలుగురినీ పట్టికలో వరుసగా కూర్చోబెట్టావు. చివర్లో "నేటికీ ప్రాసంగికమే" అని అందరినీ పాస్ చేసేశావు. తప్పులేం లేవు. కానీ మొత్తం వ్యాసంలో ఎక్కడా యుద్ధం కనపడలేదమ్మా.

ఆ పట్టిక పక్కన పెట్టి, ఒక్క దండయాత్ర తీసుకో. 1812లో నెపోలియన్ రష్యా మీదికి వెళ్లాడే, అది బాగుంటుంది. నీ నలుగురిలో ఇద్దరు అక్కడే ఉన్నారు, అదీ చెరో పక్షాన. జోమిని నెపోలియన్ కొలువులో, దారిలో పట్టుకున్న విల్నా నగరానికీ, తర్వాత స్మోలెన్‌స్క్‌కీ గవర్నరు. ప్రష్యా అనే జర్మన్ రాజ్యపు సైన్యం వదిలి వచ్చిన క్లౌజెవిట్స్ రష్యా వైపు. ఆయనకేమో రష్యన్ రాదు! యుద్ధంలో పనులన్నీ తేలికైనవే, కానీ ఆ తేలికైనవే కష్టమవుతాయని, అది నీళ్లలో నడక లాంటిదని తర్వాత రాసిన మనిషి ఈయనే.

ఇప్పుడు ఈ దండయాత్ర మీద ఫ్రెంచి ఇంజనీరు షార్ల్ మినార్ 1869లో గీసిన పటం ముందేసుకో; అందులో సైన్యం ఒక పట్టీ, మంది తగ్గేకొద్దీ అది సన్నబడుతుంది. రష్యా సరిహద్దు నీమన్ నది దగ్గర 4,22,000 మంది సైనికులతో వెడల్పాటి పట్టీ. మాస్కో చేరేసరికి అది లక్ష. తిరిగొచ్చినవాళ్లు పదివేలు. పక్కదారుల్లోకి పంపిన దళాలను తీసేసినా, మంచు పడకముందే ఆ పట్టీ ఎంత సన్నబడిందో చూడు. "చలికాలం ఓడించింది" అని నువ్వు రాసిన వాక్యం అక్కడే కొట్టేయాలి.

ఆ పటం ముందు సన్ జుని నిలబెట్టు. ఒకే అధ్యాయంలో రెండు మాటలంటాడు. యుద్ధం సాగదీసి బాగుపడిన దేశం లేదంటాడు. శత్రువు తిండి ఒక పాలు దక్కితే మన ఇంటి నుంచి మోసుకెళ్లే ఇరవై పాళ్లతో సమానమనీ అంటాడు. మొదటి మాట నెపోలియన్‌ని తప్పు పడుతుంది. రెండోది ఆయన ఎప్పుడూ చేసే పనే. కానీ రష్యన్లు వెనక్కి తగ్గుతూ గాదెలు తగలబెట్టేశారు. అక్కడ ఆ సూత్రానికి పట్టు దొరకలేదు. పోలిక అంటే ఇలా సిద్ధాంతం ఎక్కడ జారిందో చూపించడం.

"యుద్ధం రాజకీయానికి కొనసాగింపు" అన్న క్లౌజెవిట్స్ వాక్యాన్ని నేనూ నీ వయసులో అలంకారంగానే వాడాను. దాని బరువు నాకు నెపోలియన్ మాస్కో కథ చదివాకే తెలిసింది. సెప్టెంబరు 14న నెపోలియన్ ఊళ్లోకి వచ్చాడు. అక్టోబరు 19న బయల్దేరాడు. నడుమ ముప్పై అయిదు రోజులు సంధి కబురు కోసం చూస్తూ కూర్చున్నాడు. జార్ అలెగ్జాండర్ నుంచి జవాబే లేదు. నగరం చేతిలో ఉంది, అదీ చాలావరకు కాలిపోయి. కావలసిన సంధి మాత్రం లేదు.

జోమినిని తేలిక చేయకు. నిర్ణాయక స్థలంలో బలమంతా గుమిగూర్చాలన్న ఆయన మాట సైనిక పాఠశాలల్లో చాలాకాలం రాజ్యమేలింది. అయితే ఆ స్థలం మాస్కో అనుకుంటే ఏమైందో పైన చూశాం కదా.

కౌటిల్యుడి దగ్గర మాత్రం నువ్వు మండలం (చుట్టూ ఉన్న మిత్ర, శత్రు రాజుల వలయం), షాడ్గుణ్యం (పరరాజులతో నడిపే ఆరు నీతులు) అని పేర్లు అప్పజెప్పి ఆగిపోయావు. అర్థశాస్త్రంలో తొమ్మిదో అధికరణం (భాగం) తెరువు. నేల మీద కుక్క మొసలిని లాగుతుంది, నీళ్లలో మొసలి కుక్కని లాగుతుంది. పగలు కాకి గుడ్లగూబని చంపితే, రాత్రి గుడ్లగూబ కాకిని చంపుతుంది. ఒకరు స్థలమే గొప్పంటారు, ఒకరు కాలమంటారు, ఇంకొకరు శక్తంటారు. కౌటిల్యుడు మాత్రం, కాదు, మూడూ ఒకదానికొకటి ఆసరా అంటాడు. వేమన "స్థానబలిమి" పద్యం బళ్లో వల్లించిన పాఠకుడికి ఇది పరాయి మాటలా ఉంటుందా? నీకు తడితే చాలు.

వీటివల్ల సైనికాధికారికి ఏం లాభమని చివర్లో అడిగావు. క్లౌజెవిట్సే చెప్పాడు: సిద్ధాంతం సేనాని బుద్ధికి తర్ఫీదు ఇవ్వాలి, వెంటబడి యుద్ధరంగానికి రాకూడదు. ఆయన పుస్తకం పూర్తి చేయకుండానే 1831లో కలరాతో పోయాడు. మరుసటేడు భార్య మేరీ అచ్చువేయించింది. కాబట్టి అందులో ఒకచోటి మాట మరోచోట పొసగకపోతే కంగారుపడకు, దాచకు కూడా.

ఈసారి నీమన్ ఒడ్డున మొదలుపెట్టి రాయి. నలుగురూ ఒకే పేరాలో కొట్టుకున్నా ఫర్వాలేదు. పూర్తయ్యాక పంపు, ఎర్ర పెన్ను పట్టుకుని కూర్చుంటాను.