బొంత ముందా, బుట్ట ముందా?

చి. సౌ. అమ్మాయికి,

పెద్దమ్మ దీవించి రాసేది. ఇక్కడ మేం క్షేమం. మీ పెదనాన్న మోకాళ్ళ నొప్పి మామూలే.

నీ మెసేజ్ చూశాను. శని, ఆదివారాలు ఫోన్‌తోనే గడిచిపోతున్నాయని, బుట్టలు అల్లడమో బొంతలు కుట్టడమో నేర్చుకుంటానని రాశావు. ఏదో కిట్ లింకు కూడా పంపావు. ఆ కిట్ కొనకు. అందులో ఉన్నవన్నీ నీ ఇంట్లోనే ఉంటాయి, లేనివి మీ వీధి చివర ఫ్యాన్సీ షాపులో దొరుకుతాయి. రెండూ ఒకేసారి మొదలుపెట్టకు కూడా. ముందు బొంత. మధ్యలో మడిచి పెట్టేసి నెల తర్వాత తీసినా అది అలాగే ఉంటుంది. తాటాకు బుట్టకి అంత ఓపిక ఉండదు, ఆకు ఆరిపోతే మాట వినదు.

బొంతకి నేర్పు కన్నా గుడ్డ ముఖ్యం. ఉతికి ఉతికి మెత్తబడ్డ నేత చీరలు, పంచెలు కావాలి. సింథటిక్ చీర దగ్గరికి రానివ్వకు. పొర జారుతుంది, కప్పుకుంటే ఉక్కపోత. కొత్త గుడ్డ ఏదైనా కలపాలనిపిస్తే ముందు ఒక రాత్రి నానబెట్టి ఆరేసుకో. లేకపోతే మొదటి ఉతుకులో అదొక్కటే కుదించుకుపోయి బొంతంతా ముడతలు పడుతుంది. ఎరుపు, నీలం చీరల్ని తడి తెల్లగుడ్డతో గట్టిగా రుద్ది చూడు, రంగు అంటితే పక్కన పెట్టెయ్.

మొదటిదే డబుల్ కాట్‌కి కుట్టాలని కూర్చోకు. మీ ఆడపడుచుకి ఏడో నెల అన్నావు కదా, పసిబిడ్డ పక్కలోకి గజం పొడవు, ముప్పావు గజం వెడల్పు ఉన్న బొంత కుట్టు. నాలుగు పొరలు చాలు. అంతకు మించితే తడిసినప్పుడు మొయ్యలేం, మీ ఫ్లాట్ బాల్కనీలో రెండు రోజులకి కూడా ఆరదు.

నేల తుడిచి, ఆరాక, అడుగు పొర పరిచి అరచేత్తో నడిమి నుంచి బయటికి సాపు చెయ్. నాలుగు మూలలా బరువులు పెట్టు. డంబెల్స్ కొని వాడటం లేదన్నావుగా, అవి పనికొస్తాయి. ఒక్కొక్క పొరనీ అలాగే పరుస్తూ వెళ్ళి, పైన నీకు నచ్చిన చీర వెయ్. అప్పుడు జానెడు దూరంలో పెద్ద పెద్ద టాకాలు వేసుకో, ఇవి తర్వాత తీసేసేవే. టాకాలు కూడా నడిమి నుంచే అంచుల వైపుకి. చాలామంది అంచు నుంచి మొదలుపెడతారు, ఆ ముడతలన్నీ చివరికి నడిమికి చేరి గుట్టలా నిలుస్తాయి.

అసలు కుట్టుకి దారం బారెడు తీయకు, చిక్కు పడుతుంది. మూరన్నర చాలు. కొవ్వొత్తి మీద ఒకసారి లాగితే నున్నగా నడుస్తుంది. వరసకీ వరసకీ మధ్య రెండు వేళ్ళ దూరం ఉండనీ. మరీ ఎడంగా వేస్తే నాలుగు ఉతుకులకే లోపలి పొరలు ఒక మూలకి చేరతాయి. కుట్లు వంకరగా వస్తే విప్పకు, వంకర కుట్టు కూడా పొరల్ని పట్టుకునే ఉంటుంది. చుట్టూ గోటు మాత్రం చీర అంచుతోనే కట్టు, చీరలో అన్నిటికన్నా గట్టి భాగం అదే.

గొంగడి గురించి కూడా అడిగావు. అది హాబీగా అయ్యే పని కాదు తల్లీ. దక్కనీ గొర్రెల ఉన్ని వడికి, చింతగింజల గంజి పెట్టి, గుంట మగ్గం మీద నేసేది. కురుమల ఇళ్ళల్లో తరాలుగా ఉన్న విద్య. ఒకటి కొనుక్కుని కప్పుకో.

ఇక బుట్ట. వెదురు జోలికి ఇప్పుడే పోకు. బద్ద చీల్చడం కత్తి పని, వెదురు అంచు బ్లేడులా వేలు కోస్తుంది. ముందు బీరువాలో పడున్న పాత శుభలేఖలు తీసి పొడుగాటి ముక్కలుగా కత్తిరించు. నాలుగు ముక్కల్ని నడిమిన ఒకదాని మీద ఒకటి నక్షత్రంలా అడ్డంగా పేర్చి దారంతో కట్టు, ఎనిమిది కాళ్ళు వస్తాయి. ఇప్పుడు పురికొసని ఒక కాలి పైనుంచి, ఇంకో కాలి కిందనుంచి చుట్టూ తిప్పు. రెండో చుట్టుకి కూడా అదే కాలి పైనుంచి, అదే కాలి కిందనుంచి పోతుంది, అల్లిక పడదు. అప్పుడు ఒక కాలుని నిలువునా రెండుగా చీల్చు. తొమ్మిదయ్యాయి కదా, ఇప్పుడు ప్రతి చుట్టూ అంతకు ముందు చుట్టుకి ఎదురుగా పడుతుంది. గుండ్రటి బుట్టకి నిలువు బద్దలు బేసిగా ఉండాలని మేదరివాళ్ళు అనేది ఇందుకే. నేను చెబితే కాదు, నీ చేత్తో చేస్తేనే బుర్రకెక్కుతుంది.

అది పట్టుబడ్డాక వైరు బుట్ట, ఆ తర్వాతే తాటాకు. తాటాకులో ఇంకా విచ్చుకోని మొవ్వాకే తీసుకో. ఎండబెట్టి, ఈనె తీసి, ఒకే వెడల్పున చీల్చుకుని, తడిగుడ్డలో చుట్టి ఉంచు. నీళ్ళలో ముంచేయకు. బాగా నానిన ఆకు ఉబ్బి ఉంటుంది, అల్లాక ఆరిపోయి సన్నబడి, సందులు పడతాయి. పిడి పెట్టేటప్పుడు దాన్ని పై అంచుకే బిగించి వదిలేయకు, ఆ పట్టీ బుట్ట అడుగు దాకా పోవాలి. బరువు మోసేది అడుగే.

ఎప్పుడైనా ఇటొస్తే మేదర వీధికి తీసుకెళ్తాను. పెళ్ళికూతుర్ని కూర్చోబెట్టే గంపకి తప్ప ఇప్పుడు ఆ గుమ్మం ఎక్కేవాళ్ళు తక్కువ. ఒక పూట కూర్చుని చూడు. వచ్చేటప్పుడు చేటో తట్టో కొను, బేరం మాత్రం ఆడకు. చీల్చడం దగ్గర్నుంచి చూశాక నీకే నోరు రాదులే.

ఫోటో పెట్టగానే 'అక్కా, ఎంత?' అని అడుగుతారు. ఆర్డర్లు ఒప్పుకోకు. నీకు వారానికి ఐదు రోజులు డెడ్‌లైన్ల టెన్షన్ ఉంది, మిగిలిన రెండు రోజులకి కూడా తెచ్చుకుంటావా? ఇవ్వాలనిపిస్తే ఊరికే ఇచ్చెయ్.

మీ పెదనాన్న వచ్చే నెల డాక్టర్ దగ్గరికి హైదరాబాద్ వస్తారు. మీ అమ్మమ్మ నేత చీరలు మూడు ఆయన చేత పంపుతున్నాను. వాటిలో గచ్చకాయ రంగుది కొంగు దగ్గర చిరిగింది, అది లోపలి పొరకి వెయ్. పెద్ద సూదులు కూడా పెడుతున్నాను, అల్లుడుగారు కాలికింద పెట్టుకోకుండా చూసుకో.

ఇట్లు,
పెద్దమ్మ