లింక్ డాక్యుమెంట్లు లేని టెర్మినేటర్

మీరు అడిగింది ఇది: ఇరవై ఏళ్లుగా ఒక సైన్స్ ఫిక్షన్ సినిమా సిరీస్‌ను వదలకుండా చూస్తున్నారు, ఇప్పుడు కొత్త భాగం ట్రైలర్ వచ్చినా చూడబుద్ధి కావడం లేదు. ఇలా ఇంకెవరికైనా అయిందా, ఆ పిచ్చి మళ్ళీ తిరిగొస్తుందా అని.

నాకు అయింది. నాది టెర్మినేటర్, భవిష్యత్తు నుంచి మనిషి రూపంలో యంత్రాలు వచ్చే హాలీవుడ్ సిరీస్. తిరిగి మాత్రం రాలేదు. ఎందుకు రాలేదో చెప్పాలంటే కాజీపేట నుంచి మొదలుపెట్టాలి, కొంచెం ఓపిక పట్టండి.

1996లో మా మేనమామ కొడుకు ఆర్‌ఈసీలో ఇంజనీరింగ్ చదివేవాడు. అప్పటికింకా అది నిట్ కాలేదు. హాస్టల్ మెస్ తిండి తప్పించుకోవడానికి ఆదివారాలు మా ఇంటికి వచ్చేవాడు. ఒకసారి వస్తూ వస్తూ సంచిలో ఒక క్యాసెట్ తెచ్చాడు. మాకు టీవీ ఉంది, క్యాసెట్ వేసే డెక్కు లేదు. బాపును బతిమాలి డెక్కు కిరాయికి తెప్పించుకున్నాం. అది 1991లో వచ్చిన రెండో టెర్మినేటర్. మొత్తం ఇంగ్లీషు. నాకూ నా ఇద్దరు దోస్తులకూ ఒక్క ముక్క అర్థం కాదు. బావ ఐదు నిమిషాలకోసారి పాజ్ నొక్కి కథ చెప్పేవాడు. "అగో, ఆ దుబ్బోడు మంచోడు. పోలీసు డ్రెస్సులో ఉన్న బక్కోడు చెడ్డోడు. యాది పెట్టుకోండ్రి, మళ్ళ మళ్ళ చెప్ప."

అందులో జాన్ అనే పిల్లాడు ఉంటాడు. పోలీసు కారులోని కంప్యూటర్ మీద వాడి పుట్టినరోజు కనబడుతుంది, 1985. నేను పుట్టింది కూడా ఆ ఏడే. ఇక చూడండి, వాడు నా క్లాస్‌మేట్ అయిపోయాడు. వాడికి బైకు, నాకు అద్దె సైకిల్. అంతే తేడా.

బావ చెప్పినవాటిలో ఒకటి నా బుర్రలో మేకులా దిగింది. స్కైనెట్ అనే కంప్యూటర్‌కు 1997 ఆగస్టు 29న తెల్లవారుజామున 2 గంటల 14 నిమిషాలకు సొంత తెలివి వస్తుంది, ఆ తర్వాత అణుబాంబులు పడి ప్రపంచం బూడిదవుతుంది. బావ అక్కడితో ఆగకుండా కాగితం తీసుకుని లెక్క కూడా కట్టాడు. "అది అమెరికా తూర్పు టైం. మనకు తొమ్మిదిన్నర గంటలు కలపాలె. అంటే పొద్దున 11 గంటల 44 నిమిషాలు." మమ్మల్ని ఆటపట్టిస్తున్నాడని మాకేం తెలుసు! చివర్లో జాన్, వాడి తల్లి కలిసి ఆ కంప్యూటర్‌ను తయారుచేసే కంపెనీని పేల్చేసి, చిప్పులను కరిగిన ఇనుములో పడేసి ఆ రోజు రాకుండా ఆపుతారని కూడా చెప్పాడు. కానీ నిజంగా ఆగిందా లేదా అన్నది ఆ రోజు వస్తేగాని తెలియదని ఒక చురక అంటించి హాస్టల్‌కు పోయాడు.

1997 ఆగస్టు 29 శుక్రవారం. మేం ఏడో తరగతి. లెక్కల సార్ బోర్డు మీద బారువడ్డీ చెబుతున్నారు. మా ముగ్గురిలో ఒకడి నాన్న డీజిల్ షెడ్డులో పనిచేసేవాడు. వాడు ఆయన హెచ్‌ఎంటీ వాచీ దొంగతనంగా జేబులో వేసుకొచ్చాడు. బెంచీ కింద మూడు తలకాయలు, మధ్యలో వాచీ. 11:40. 11:42. నాకు అరచేతులు తడిసిపోతున్నాయి. ఏడో తరగతి బోర్డు పరీక్షలు తప్పుతాయన్న ఆశ ఒక పక్క, అమ్మ ఇంట్లో ఒక్కతే ఉందన్న భయం ఒక పక్క. సరిగ్గా 11:44కు షెడ్డు వైపు నుంచి ఏదో ఇంజన్ పొడుగ్గా హారన్ కొట్టింది. వాచీ తెచ్చినోడు చెవులు మూసుకుని బెంచీ కిందికి దూరాడు. సార్ చాక్‌పీసు విసిరితే అది వచ్చి నాకు తగిలింది.

ఇంకేమీ కాలేదు. మూడోవాడు, దర్గా దగ్గర ఉండేవాడు, మాలో కొంచెం శాస్త్రజ్ఞుడు, ఊరుకోలేదు. "తెలివి ఇప్పుడే వచ్చింది గదరా, బాంబులు మనదాంక వచ్చేసరికి సాయంత్రమైతది" అన్నాడు. సాయంత్రం దాకా ఆగాం. రాత్రి డాబా మీద పడుకుని ఆకాశం చూస్తూ ఎప్పుడో నిద్రపోయాను. తెల్లారి పాలవాడి గంట వినబడింది. ఆ గంట వినగానే నాకు కలిగిన సంతోషం తర్వాత పదో తరగతి పాసైనప్పుడు కూడా కలగలేదు. జాన్ గెలిచాడు. మేమూ గెలిచాం. వినాయక చవితి చందాలకు పోయినప్పుడు మా గల్లీలో ఇంకో పిల్లాడికి ఇదే చెబితే వాడు మమ్మల్ని పిచ్చోళ్ళను చూసినట్టు చూశాడు.

నాకు ఆ సినిమా అంటే ఇదీ. అందుకే తర్వాత జరిగింది నాకు కొంచెం గట్టిగా తగిలింది.

మూడోది 2003లో వచ్చింది. అప్పుడు సుబేదారిలో డిగ్రీ చదువుతున్నాను. సినిమా మరీ చెత్తేం కాదు, చివరి పది నిమిషాలు నిజంగా ధైర్యంగా తీశారు. హీరో, అంటే పెద్దవాడైన జాన్, పరుగెత్తుకుంటూ కొండ కింది బంకర్‌లోకి పోతాడు, అక్కడ ఆపడానికేమీ ఉండదు, దాక్కోవడానికే ఆ చోటు. బాంబులు పడిపోతాయి. అంటే 1997లో ఆగింది ఆగినట్టు కాదట, వాయిదా పడిందట. హాల్లోంచి బయటికి వచ్చాక షెడ్డు దోస్తు ఒక్క మాటే అన్నాడు: "మరి మనం ఎందుకు భయపడ్డట్టురా?" నేను సినిమాను వెనకేసుకొచ్చాను. వీరాభిమానం అలాంటిది.

నాలుగోది, 2009లో వచ్చింది, డీవీడీలో చూశాను. టెర్మినేటర్ వేషం వేసే ఆర్నాల్డ్ అప్పుడు కాలిఫోర్నియా గవర్నర్, ఇంకొకరి ఒంటికి ఆయన ముఖం కంప్యూటర్‌తో అతికించారు. దాని గురించి ఇంతకంటే చెప్పడానికి నాకేమీ గుర్తులేదు.

ఈలోగా నేను డాక్యుమెంట్ రైటర్‌ను అయ్యాను. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు పక్కన చిన్న షాపు, ఒక కంప్యూటర్, ఒక ప్రింటర్. రోజూ సేల్ డీడ్‌లు, గిఫ్ట్ డీడ్‌లు, ఆస్తి మీద ఏయే లావాదేవీలు జరిగాయో చూపే ఈసీలు. మా పనిలో లింక్ డాక్యుమెంట్లు అనే మాట ఉంటుంది. మీరు ప్లాటు కొంటున్నారంటే, అమ్మేవాడికి అది ఎవరి నుంచి వచ్చింది, ఆయనకు ఎవరి నుంచి వచ్చింది అని వెనక్కి పోతూ ఒక్కో కాగితం చూస్తాం. మధ్యలో ఒక్క లింకు తెగినా బ్యాంకు లోన్ ఇవ్వదు. ఆ కళ్ళతో చూడటం అలవాటయ్యాక ఈ సిరీస్ నాకు వేరేగా కనబడటం మొదలైంది.

అసలు మొదటి డాక్యుమెంటే విచిత్రం. 1984లో మొదటి సినిమా తీయడానికి ముందు జేమ్స్ కామెరాన్ దాని హక్కులను నిర్మాత గేల్ ఆన్ హర్డ్‌కు ఒక్క డాలర్‌కు రాసిచ్చాడు, దర్శకత్వం మాత్రం తనకే ఇవ్వాలన్న షరతు మీద. నా దగ్గరికి వచ్చి ఉంటే వద్దనే చెప్పేవాణ్ణి. ఆ తర్వాత రెండో సినిమా తీసిన కరోల్కో కంపెనీ 1995లో దివాలా తీసింది. అక్కడి నుంచి హక్కులు చేతులు మారుతూనే ఉన్నాయి. 2011లో అన్నపూర్ణ పిక్చర్స్ కొన్నది. నాగార్జున వాళ్ళది అనుకునేరు, కాదు, ఒరాకిల్ అధినేత లారీ ఎల్లిసన్ కూతురి కంపెనీ. కొన్న ప్రతివాడూ పాత పునాది తవ్వేసి తన ఇల్లు కట్టుకోవాలనే చూశాడు.

ఐదోది గోదావరి పుష్కరాల నెలలో, 2015 జులైలో వచ్చింది. ఇంటిల్లిపాదీ కాళేశ్వరం పోవడానికి సర్దుకుంటుంటే నేను హన్మకొండలో 3డీ కళ్ళజోడు పెట్టుకుని కూర్చున్నాను. అందులో మళ్ళీ 1984కే వెనక్కి పోయి మొదటి సినిమాలో జరిగిందాన్నే మార్చేశారు. అంటే మదర్ డీడ్‌నే, అన్నిటికీ మూలమైన మొదటి కాగితాన్నే దిద్దేశారు. జాన్‌ను మెషీన్ చేసి విలన్‌ను చేశారు. ఆ సంగతి ట్రైలర్‌లోనే చెప్పేశారు కూడా! నా క్లాస్‌మేట్‌ను నాకు చెప్పకుండా శత్రువును చేస్తే ఎలా ఉంటుంది? అయినా కోపం రాలేదు. కోపం రాలేదన్న సంగతి గమనించి అప్పుడే కొంచెం దిగులేసింది.

ఆఖరిది 2019 నవంబర్‌లో. ఆర్టీసీ సమ్మె నడుస్తున్న రోజులు, బస్సుల్లేవు. దర్గా దోస్తు భూపాలపల్లి సింగరేణిలో ఉద్యోగం చేస్తాడు. వాడు అక్కడి నుంచి బండి మీద వచ్చాడు పాపం, జాన్ తల్లి వేషం వేసిన లిండా హామిల్టన్ 28 ఏళ్ల తర్వాత మళ్ళీ వేస్తోందని, నిర్మాతల్లో కామెరాన్ ఉన్నాడని. పైగా 3, 4, 5 భాగాలు చెల్లవు, ఇది 1991 సినిమా తర్వాతి కథ అని ముందే చెప్పారు. నాకు నవ్వొచ్చింది. మధ్యలోని మూడు డాక్యుమెంట్లు చింపేసి, మాకు హక్కు నేరుగా పాత యజమాని నుంచే వచ్చిందంటున్నారు. సరే, పాత యజమాని మీద గౌరవంతో పోయాం.

సినిమా మొదలైన మూడు, నాలుగు నిమిషాల్లోనే, 1998లో, బీచ్ పక్కన బల్ల దగ్గర కూర్చున్న పిల్లాడు జాన్‌ను ఒక టెర్మినేటర్ వచ్చి తుపాకీతో కాల్చేస్తుంది. అంతే. ఆగస్టు 29 దాటి బతికిన పిల్లాణ్ణి ఆ మరుసటి ఏడే చంపేశారు. హాల్లో ఎవరూ కిక్కురుమనలేదు. నా పక్క సీట్లో ఒకాయన సమోసా కాగితం మడతపెడుతున్నాడు. నేను దోస్తు వైపు చూశాను, వాడు తెర వైపే చూస్తున్నాడు.

ఇంటర్వెల్‌లో బయటికి వచ్చి టీ తాగాం. బెల్లు కొట్టారు. ఇద్దరం కదల్లేదు. "పోదామా లోపలికి?" అన్నాను. "పొద్దుగూకుతుంది, నేను భూపాలపల్లి పోవాలె గదరా" అన్నాడు. వాడు అటు బండి తీశాడు, నేను ఇటు తీశాను. మిగతా సగం ఆ తర్వాతెప్పుడో ఫోన్‌లో చూశాను. జాన్‌ను చంపిన ఆ మెషీన్ పేరు మార్చుకుని, ఒక ఆవిడతో, ఆమె కొడుకుతో సంసారం చేస్తూ, కర్టెన్ల వ్యాపారం పెట్టుకుంటుంది. ఇదే వేరే ఏ సినిమాలోనైనా ఉంటే పడీపడీ నవ్వేవాణ్ణి. ఈ సినిమాకు 18 కోట్ల డాలర్లకు పైగా ఖర్చుపెడితే ప్రపంచమంతా కలిపి 26 కోట్ల దాకానే వచ్చాయి. థియేటర్ల వాటా తీసేస్తే నష్టమే. భూపాలపల్లి నుంచి బండి మీద వచ్చినవాడే సగంలో లేచి పోయాడంటే మిగతావాళ్ళు రాకపోవడంలో వింతేముంది?

మా ఆవిడ అంటుంది, నీకు వయసైంది, అంతే అని. ఆ మాట నేను ఒప్పుకోను. ఎందుకంటే రెండో సినిమా ఇప్పటికీ ఏడాదికోసారి చూస్తాను, ఇప్పటికీ రోమాలు లేస్తాయి. ఆసుపత్రిలో గచ్చు మీది గళ్ళ డిజైన్ మెల్లగా ఉబ్బి, మనిషై లేచి, కాఫీ తీసుకుంటున్న గార్డు వెనకాల నిలబడే సీను ఉంది చూడండి. చిన్నప్పుడు అంతా కంప్యూటర్ మాయ అనుకున్నాను. గచ్చులోంచి లేవడం వరకే కంప్యూటర్. ఎదురెదురుగా నిలబడ్డ ఆ ఇద్దరు గార్డులు నిజంగా కవలలు, డాన్, డ్యాన్ స్టాంటన్ అనే అన్నదమ్ములు. చివర్లో తల్లి వేషంలో వచ్చే మెషీన్ ఉంది కదా, ఆమె, అసలు తల్లి ఒకే ఫ్రేములో కనబడాల్సినచోట లిండా హామిల్టన్ కవల సోదరి లెస్లీ వేసింది. ఆ రహస్యాలు తెలిశాక ఇంకా ఇష్టం పెరిగింది తప్ప తగ్గలేదు. పాత ఇల్లు గట్టిగానే ఉంది. దాని మీద కట్టుకుంటూ పోయిన అంతస్తుల్లో నాకు ఉండబుద్ధి కావడం లేదు, అంతే.

ఇక పిచ్చి తిరిగొస్తుందా అంటారా. మీ సిరీస్ ఏదో మీరు చెప్పలేదు కాబట్టి మీ సంగతి నేను చెప్పలేను. ఒక పని చేసి చూడండి: మిమ్మల్ని మొదట పట్టేసిన భాగం ఒక్కటే మళ్ళీ చూడండి. అది ఇప్పటికీ పట్టేస్తే మీలో ఏ లోపమూ లేనట్టే. కొత్తది చూడకపోతే ఏదో ద్రోహం చేసినట్టు అనిపిస్తుందేమో, ఆ టెన్షన్ మాత్రం పెట్టుకోకండి. దోస్తులతో పోవాలనిపిస్తే దోస్తుల కోసం పోండి, ఇంటర్వెల్‌లో టీ బాగుంటుంది.

మా ముగ్గురికీ ఒక వాట్సాప్ గ్రూపు ఉంది. షెడ్డు దోస్తు ఇప్పుడు సికింద్రాబాద్‌లో లోకో పైలట్. ఏటా ఆగస్టు 29న 11:44కు ఎవరో ఒకరు "ఉన్నరా?" అని పెడతారు, మిగతా ఇద్దరం "ఉన్నం" అంటాం. 2024లో అదే రోజున నెట్‌ఫ్లిక్స్‌లో ఈ సిరీస్ మీదే ఒక యానిమేషన్ షో వచ్చింది. జపాన్‌లో జరిగే కథ, అందులో కూడా 1997 ఆగస్టే. భూపాలపల్లివాడు లింకు పంపి, "మళ్ళ మన తారీఖుకే వచ్చిన్రు, చూస్తవారా?" అని అడిగాడు. అది గురువారం. షాపు ముందు ఒక పెద్దమనిషి కొడుకు పేర గిఫ్ట్ డీడ్ రాయించుకోవడానికి కాగితాల సంచి పట్టుకుని కూర్చున్నాడు.

"ఉన్న. ఈసీ తియ్యాలె, తర్వాత చెప్త" అని పెట్టి ప్రింటర్ ఆన్ చేశాను.