సంతాపం ఎవరికి, సానుభూతి ఎవరికి?

సందేహం: పోటీ పరీక్షల పిల్లలకు కరెంట్ అఫైర్స్ నోట్సు రాస్తుంటాను. విదేశీ నాయకులు పోయినప్పుడు ఒకరు "అధ్యక్షుడికి భారత్ సంతాపం" అంటారు, ఒకరు "సానుభూతి" అంటారు, ఇంకొకరు "నివాళి" అంటారు. మూడూ ఒకటేనా? "రాష్ట్ర సంతాప దినం" అని కూడా ఒకచోట చూశాను, సరైనదేనా? (ఒక పాఠకుడు, గుంతకల్లు)

సమాధానం: ఒకటి కావండి. సంతాపం మనకు కలిగే బాధ, తాపం అన్న మాట అందులోనే ఉంది కదా, కాబట్టి దాన్ని ఒకరి మృతికి తెలుపుతాం. సానుభూతి బతికున్నవాళ్లకు, నివాళి పోయినవాళ్లకు. 2024 మే 19న హెలికాప్టర్ కూలి ఇరాన్ అధ్యక్షుడు ఇబ్రహీం రైసీ చనిపోయారు. "రైసీ మృతికి భారత్ సంతాపం, ఇరాన్ ప్రజలకు సానుభూతి" అని రాస్తే ఏ పేచీ లేదు. "రైసీకి సంతాపం" అంటే మాత్రం పోయినాయన్నే ఓదార్చినట్టు ఉంటుంది. హెడ్డింగులో చోటు చాలక "మృతి" అన్న రెండక్షరాలు ఎగరగొట్టడం వల్ల వచ్చిన తంటా ఇది.

దేశాల మధ్య ఉత్తరాలూ బతికున్నవాళ్ల పేరు మీదే పోతాయి, రాజు పోతే వారసుడికి, అధ్యక్షుడు పోతే ఆ బాధ్యత తీసుకున్నవారికి. ఉత్తరం ఒక్కటే చాలదనుకుంటే మనిషిని పంపుతారు. 2022 సెప్టెంబర్ 8న ఎలిజబెత్ రాణి పోయినప్పుడు మన రాష్ట్రపతి ద్రౌపది ముర్ము అంత్యక్రియలకు లండన్ వెళ్లి, లాంకాస్టర్ హౌస్‌లో పెట్టిన సంతాప పుస్తకంలో సంతకం చేశారు. మన సీమలో "పలకరించేకి పోవడం" అంటామే, అదే ఇది. చావింటికి ఎవరొచ్చారు, ఎవరు రాలేదు అని మనవాళ్లు ఏళ్ల తరబడి గుర్తుపెట్టుకున్నట్టే దేశాలు కూడా ఏ హోదా మనిషిని పంపారో లెక్క చూసుకుంటాయి. రాతలో దీనికి పరామర్శ అన్న మంచి మాట ఉంది, విదేశీ వార్తల్లో ఎందుకో తక్కువగా వాడతారు. 1966 జనవరి 11న తాష్కెంట్‌లో లాల్ బహదూర్ శాస్త్రి చనిపోయారు. భారత్, పాకిస్తాన్‌ల యుద్ధం ఆగి అప్పటికి నాలుగు నెలలైనా కాలేదు, అయినా పాకిస్తాన్ అధ్యక్షుడు అయూబ్ ఖాన్, సోవియట్ ప్రధాని కొసిగిన్‌తో పాటు శవపేటికకు భుజం పట్టారు. దాన్ని "సంతాపం తెలిపారు" అని రాస్తే ఎంత చప్పగా ఉంటుందో చూడండి.

ఇక "రాష్ట్ర సంతాపం" తప్పే. ఇంగ్లీషులో స్టేట్ అంటే రాజ్యం అనే అర్థం కూడా ఉంది, ఇక్కడ అది. తెలుగులో రాష్ట్రం అంటే ఆంధ్రప్రదేశో తెలంగాణో అనుకుంటారు. హిందీలో "రాజకీయ శోక్" అంటారు, అది చూసి "రాజకీయ సంతాపం" అని దించేరు, ఇంకా ప్రమాదం, అందులోనూ మన జిల్లాల్లో! "జాతీయ సంతాప దినం" అనండి. మన రాష్ట్ర ప్రభుత్వం సొంతంగా ప్రకటించినప్పుడు మాత్రం రాష్ట్ర సంతాపం సరే. మీ నోట్సుకు పనికొస్తుందని చెబుతున్నా: రైసీ మృతికి ఒక్క రోజు, 2013లో మండేలా మృతికి ఐదు రోజులు, 2025లో పోప్ ఫ్రాన్సిస్ మృతికి మూడు రోజులు పాటించాం. ఆ మూడూ వరుస రోజులు కావు, ఏప్రిల్ 22, 23, ఆ తర్వాత అంత్యక్రియలు జరిగిన 26.

ఆ రోజుల్లో జెండా "అవనతం" అని రాస్తారు. "సగానికి దించారు" అంటే అందరికీ అర్థమవుతుంది, జరిగేదీ అదే. ముందు పైదాకా ఎగరేసి తర్వాత సగానికి దించుతారు, సాయంత్రం తీసేముందు మళ్లీ పైదాకా లాగుతారు.

మీరు అడగకపోయినా ఒక మాట. ప్రతి చావుకూ "దిగ్భ్రాంతి" వద్దు. 2022 జూలై 8న జపాన్ మాజీ ప్రధాని షింజో అబేను ప్రచారంలో ఉండగా కాల్చి చంపినప్పుడు ఆ మాట సరిపోయింది, 96 ఏళ్ల రాణి పోతే విచారం చాలు. పరమపదం అంటే వైకుంఠం కనక పోప్‌కూ రైసీకీ "పరమపదించారు" కూడా నప్పదు. "కన్నుమూశారు", "కాలం చేశారు" అన్నవి ఎవరికైనా వాడుకోవచ్చు.