కంపైలర్ ప్రూఫ్ మొదలుపెట్టే ముందు

అమ్మడూ,

కంపైలర్ (ప్రోగ్రామ్‌ను మెషీన్ కోడ్‌గా మార్చే సాఫ్ట్‌వేర్) సరైనదేనని కాక్‌లో, అంటే ప్రూఫ్‌లను సరిచూసే ఆ టూల్‌లో, నిరూపించే పనికి దిగావని, మూడు వారాలైనా ఒక్క లెమ్మా (ప్రూఫ్‌లో ఒక చిన్న మెట్టు) కదలడం లేదని రాశావు. టెన్షన్ పడకు. సి భాషను వారం రోజులు పక్కన పెట్టు. కూడికలు, గుణకారాలు తప్ప ఇంకేమీ లేని భాష తీసుకుని స్టాక్ మెషీన్ (విలువల్ని ఒకదాని మీద ఒకటి పేర్చి, పైనున్న వాటితో లెక్క చేసే యంత్రం) కోడ్‌గా మార్చు. 1967లో మెకార్తీ, పెయింటర్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్తలు ఒక కంపైలర్‌కు ఇచ్చిన ప్రూఫ్ కూడా అంకగణిత ఎక్స్‌ప్రెషన్ల మీదే.

2 + 3 చూడు. కోడ్: పుష్ 2, పుష్ 3, యాడ్. ‘ఖాళీ స్టాక్‌తో మొదలైతే చివరికి విలువ ఒక్కటే మిగులుతుంది’ అని థీరమ్ రాస్తావు. నిజమే, కానీ ఇండక్షన్‌లో (చిన్న ముక్కలకు నిరూపించి దాన్నుంచి పెద్దదానికి వెళ్ళే పద్ధతిలో) ఇరుక్కుంటావు. 3 వంతు వచ్చేసరికి స్టాక్‌లో అప్పటికే 2 ఉంది, వెనక యాడ్ కాచుకుని ఉంది. అందుకే ఇలా రాయి: ‘స్టాక్‌లో ముందు ఏమున్నా, తర్వాత ఏ కోడ్ ఉన్నా, పాత స్టాక్ చెక్కుచెదరదు, దాని మీద ఈ విలువ చేరుతుంది.’ ఇక ప్రూఫ్ దానంతటదే నడుస్తుంది. నేను మొదట్లో పది రోజులు టాక్టిక్‌లే (ప్రూఫ్ నడపడానికి కాక్‌కు ఇచ్చే ఆదేశాలు) మారుస్తూ కూర్చున్నాను. మార్చాల్సింది థీరమ్‌నని తట్టలేదు.

సి దగ్గరికి వెళ్ళాక కూడా కష్టమంతా అక్కడే. పైన సి ప్రోగ్రామ్ స్థితికీ కింద మెషీన్ స్థితికీ పొంతన ఏమిటో ముందు కాగితం మీద రాయి. పైన ఉన్న x కింద ఏ రిజిస్టర్‌లో ఉంది? లేదా ఫ్రేమ్‌లో (ఫంక్షన్‌కు కేటాయించిన మెమరీలో) ఎన్నో బైటు దగ్గర? పైన ఒక అడుగు పడితే కింద ఒకటో పదో అడుగులు పడి మళ్ళీ అదే పొంతన కుదరాలి. ఒక్కోసారి కింద అసలు అడుగే పడదు. అక్కడ జాగ్రత్త. ప్రతిసారీ తగ్గే ఒక కొలత పెట్టుకోకపోతే, పైన ప్రోగ్రామ్ అనంతంగా తిరుగుతున్నా కింద ఆగిపోయిన కోడ్‌ను కూడా నీ ప్రూఫ్ ఒప్పేసుకుంటుంది.

గ్జావియే లెరువా బృందం చేసిన కాంప్‌సర్ట్ అనే, ప్రూఫ్ ఉన్న సి కంపైలర్ సి నుంచి అసెంబ్లీకి ఒక్క దూకు దూకదు. మధ్యలో ఎన్నో భాషలు, ఒక్కో మెట్టుకు ఒక్కో ప్రూఫ్. నువ్వూ మెట్లు చిన్నవిగానే పెట్టుకో. 2011లో, యాదృచ్ఛికంగా సి ప్రోగ్రామ్‌లు పుట్టించే సీస్మిత్ అనే టూల్‌తో పరీక్షించిన ప్రతి కంపైలర్‌లోనూ బగ్‌లు దొరికాయి. కాంప్‌సర్ట్‌లో మాత్రం తప్పుడు కోడ్ ఇచ్చే బగ్‌లు ప్రూఫ్ లేని భాగాల్లోనే బయటపడ్డాయి, నిరూపించిన మధ్య భాగంలో ఒక్కటీ దొరకలేదు. నాకు ఈ రంగం మీద గురి కుదిరింది అది చదివాకే. నీ థీరమ్ పరిధిలోకి రానివి ఏవో కూడా మొదటి పేజీలోనే రాసి పెట్టుకో.

ఆదివారం ఫోన్ చెయ్యి. అప్పటిదాకా కాక్ తెరవకు, ఆ పొంతన రాసిన కాగితం మాత్రం దగ్గర పెట్టుకో.

మావయ్య