‘తో’ తెచ్చిన భయం

సందేహం: “గ్రోత్ హార్మోన్‌తో క్యాన్సర్” అని పత్రికలో శీర్షిక చూశాను. మా బాబుకు ఎత్తు పెరగడానికి అవే ఇంజెక్షన్లు ఇప్పిస్తున్నాం. అప్పటినుంచీ ఒకటే టెన్షన్. ఇక్కడ ‘తో’ సరైనదేనా, ‘వల్ల’ అనాలా? ‘వృద్ధి హార్మోన్’ అనొచ్చా?
– ఒక తల్లి, తెనాలి

సమాధానం: అమ్మా, ఇంజెక్షన్ల సంగతి శీర్షిక చూసి కాదు, బాబును చూస్తున్న డాక్టరునడిగి తేల్చుకోండి. ‘తో’ అంటారా, రాముడితో సీత, మట్టితో కుండ, జ్వరంతో మంచం పట్టడం, అన్నిటికీ అదే. అందుకే పత్రికలవాళ్ళకు అంత ముద్దు.

పుట్టుకకు ‘వలన’ రావాలన్నాడు బాలవ్యాకరణం రాసిన చిన్నయసూరి. అదే సూత్రంలో భయానికీ ‘వలన’నే చెప్పాడు, మీ ఉత్తరంలో రెండూ ఉన్నాయి! అయితే పోతన గజేంద్రుడి చేత ఏమనిపించాడు? “ఎవ్వనిచే జనించు జగ మెవ్వనిలోపల నుండు లీనమై యెవ్వనియందు డిందు...” జనించడానికి ‘వలన’ కాదు, ‘చే’. ఛందస్సు కోసమని సరిపెట్టుకునేవాళ్ళు సరిపెట్టుకోవచ్చు. ‘వలన’ అంటే ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలుస్తుంది. ‘చే’ అంటే పుట్టించినవాడు ఎదుట నిలబడతాడు. పుట్టడానికొకటి, ఉండడానికొకటి, అణగిపోవడానికొకటి, మూడు ప్రత్యయాలు! అక్కడితో ఆగాడా? “మూలకారణం బెవ్వడు” అని మళ్ళీ విడిగా అడిగించాడు. చేసేవాడు వేరు, మూలం వేరు కావచ్చు గనక, రెండూ ఆ పరమేశ్వరుడేనని చెప్పడానికి. నాకు తోచే అర్థం అదే.

శీర్షిక రాసినవారికి ఈ తేడా పట్టలేదు. క్యాన్సర్‌కు మూలం కణంలోని జన్యువులు దెబ్బతినడం. గ్రోత్ హార్మోన్ అందితే కాలేయం ఐజీఎఫ్-1 అనే మరో హార్మోన్‌ను విడుదల చేస్తుంది. అది కణాలను విభజన చెందమని తొందరపెడుతుంది, చావాల్సిన కణాన్ని చావనివ్వదు. స్థూలకాయుల రక్తంలో ఎక్కువయ్యే ఇన్సులిన్‌దీ ఇంచుమించు అదే ధోరణి. ఈక్వడార్‌లో లారాన్ సిండ్రోమ్ ఉన్నవాళ్ళకు గ్రోత్ హార్మోన్ రక్తంలో ఉన్నా కణాలు అందుకోలేవు. మనుషులు బాగా పొట్టిగా ఉండిపోతారు, క్యాన్సర్ మాత్రం వాళ్ళలో చాలా అరుదని 2011లో వెలువడిన పరిశోధన చూపింది. అంటే గ్రోత్ హార్మోన్ క్యాన్సర్‌ను పుట్టించేది అనేకంటే, పుట్టినదాన్ని పెంచి పోషించేది అనడం సబబు.

కాబట్టి వ్యాకరణం చూస్తే ‘తో’ కంటే ‘వల్ల’ మేలు. విషయం చూస్తే “హార్మోన్ ఎక్కువైతే క్యాన్సర్ ముప్పు” అంటే ఇంకా మేలు. ‘తో’ తప్పేనా అంటే, జనం నోట నలిగిన వాడుక, కొట్టిపారేయలేను. శీర్షికలో చోటు చాలదనే సాకును మాత్రం ఒప్పుకోను.

‘వృద్ధి’కి వడ్డీ అనే అర్థమూ ఉంది. డాక్టరు దగ్గర గ్రోత్ హార్మోన్ అనే అనండి.